గురజాడవారి యింట నొక పాఠము

బిడ్డలకు చదువు చెప్పుట యనగా పుస్తకము విప్పి పద్యము వల్లెవేయించుటయే యని మేము చిరకాలము నమ్మియుంటిమి. మా తండ్రిగారు మమ్ము బడికి పంపలేదు. ఇంటి యరుగుమీద కూర్చుండబెట్టి అమరమును, భారతమును, మనుచరిత్రమును చదివించిరి. ఆ చదువువలన మాకు కలిగిన మేలు కొంచెము కాదు. కాని ఆ పద్ధతి యెల్ల పిల్లలకును చాలునా యను సందేహము నిరుటివఱకును మాకు కలుగలేదు.

నిరుడు మా పెద్దమ్మాయికి పండ్రెండవ యేడు. విడువని జ్వరముతో మంచము పట్టి, అది కోలుకొనునప్పటికి బడి సంవత్సరము సగము గడచిపోయినది. మావారు ఉపాధ్యాయులు, పగలెల్ల వారికి పరుల బిడ్డలతోనే సరిపోవును. కావున ఆ యేటి చదువును ఇంటనే చెప్పు భారము మేము వహించితిమి. పద్యము చెప్పిన నప్పగించును. అర్థ మడిగిన గోడవంక చూచును. లెక్క లన్నచో కన్నులు నీటితో నిండును. రెండు నెలలు గడచినను దాని మనస్సు పుస్తకముపై నిలువలేదు. బిడ్డకు చదువే దూరమగునేమో యని రాత్రులు మాకు నిద్రపట్టెడిది కాదు. మా దిగులు చూచి మావారు, "కొన్నాళ్లు పుస్తకమును పక్కనుంచుము. ఏదేని యొక వస్తువును చూపి, అదేమి యడుగునో విందము. విజయనగరము పోయివత్తము" అనిరి.

ఆ తరువాతి సెలవునాడు మేమిద్దఱమును, పెద్దమ్మాయియు, అయిదేండ్ల చిన్నదియు ఉదయపు బస్సులో బయలుదేరితిమి. పట్టణమున దిగి ముందుగా కోట చేరితిమి. ఈ కోటకు 1713వ సంవత్సరమున, విజయనామ సంవత్సర విజయదశమినాడు, జయవార మనబడు మంగళవారమున శంకుస్థాపన జరిగినదని చెప్పుదురు. మావారు పెద్దదానితో, "నీవు పుట్టిన 2013 కూడ విజయనామ సంవత్సరమే. అఱువదేసి యేండ్లు వెనుకకు పొమ్ము, చూతము" అనిరి. అది గోడనీడను నిలిచి వ్రేళ్లు మడచుచు 1953, 1893, 1833, 1773 అని లెక్కించి, "1713! నాకును కోటకును ఒకటే సంవత్సరము!" అని కేక వేసెను. జ్వరము విడిచిన తరువాత దానినోట అంత గట్టిమాట మేము వినుట అదియే మొదలు.

కోటకు సమీపముననే మహాకవి గురజాడ అప్పారావుగారు నివసించిన గృహము కలదు. 1862లో జన్మించి 1915లో పరమపదించిన యా మహనీయుని యిల్లు నేడు స్మారకముగా కాపాడబడుచున్నది. ఆయన ఛాయాచిత్రములు, పుస్తకములు, వాడుకొన్న వస్తువులు అందు చూడవచ్చును. మా పుట్టినింటి బీరువాలో కన్యాశుల్కమునకు చోటుండెడిది కాదు. వాడుకమాటలతో నాటకమేమి యని మా తండ్రిగారి యాక్షేపణ. పెండ్లియైన పిదప మావారు తెచ్చి యిచ్చినప్పుడే మేము దానిని చదివితిమి. చదివి నవ్వితిమే కాని, నవ్వువెనుక నేమున్నదో యంతగా నాలోచింపలేదు.

చిన్నది గదులన్నియు కలయజూచి, "తాతగారు బజారుకు వెళ్లినారా?" అని యడిగెను. పెద్దది నవ్వినది. తరువాత నెమ్మదిగా, "అమ్మా, కన్యాశుల్క మనగా నేమి?" అనెను. పిల్లనిచ్చుటకు వరునివారియొద్ద తండ్రి పుచ్చుకొను సొమ్మని చెప్పితిమి. "అనగా పిల్లకు వెలయా?" అనెను. మేము తడబడితిమి. పురాణములలోని వివాహభేదములను చెప్పబోయి, ఆ చిన్నమోము చూచి మానుకొంటిమి. "ఔను, వెలయే" అంటిమి.

అప్పుడు మావారు మమ్ము వెలుపలికి తీసికొనివచ్చి, చెట్టునీడను కూర్చుండబెట్టి, ఆ నాటకము పుట్టిన కథ చెప్పిరి. విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు ఆ కాలమున మూడేండ్లలో విశాఖపట్టణ తీరమున బ్రాహ్మణకుటుంబములలో జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించిరి. నాటకము 1892లో ప్రదర్శింపబడినది. 1897లో అచ్చుపడినప్పుడు అప్పారావుగారు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఆ పట్టికలోని లెక్కలు చేర్చిరి. వివాహములు మొత్తము 1,034. సొమ్ము పుచ్చుకొన్నవారు ఒప్పుకొన జంకుదురు కావున అదియు సంపూర్ణము కాదు. ఆ కన్యలలో అయిదేండ్లవారు 99 మంది; నాలుగేండ్లవారు 44; మూడేండ్లవారు 36; రెండేండ్లవారు 6; ఏడాది పసికందులు 3. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు. గర్భమునందున్న శిశువులకు సైతము బేరము లాడిరట!

మేము చెప్పకయే పెద్దది సంచిలోని పుస్తకము తీసి ఆ యంకెలు వ్రాసికొన్నది. 1,034ను మూడుచే భాగించి ఏటికి 344, శేషము రెండనినది. అయిదేండ్లును అంతకు లోపువారిని కూడి 188 అనినది. మఱల భాగించి, ఇంచుమించు అయిదున్నరమందికి ఒకతె యనినది. అంతలో కలము నిలిపి, మట్టిలో ముగ్గు గీయుచున్న చెల్లెలివంక చూచి, "అమ్మా, దీనికి అయిదేండ్లు గదా. ఇది ఆ తొంబదితొమ్మిదిమందిలో చేరును" అనెను. మాకు మాట రాలేదు. భాగహారమునకు ఏడ్చెడి పిల్ల భాగహారము తానే వెదకికొని చేసినది. అంతకుమించి, అంకె వెనుక మనిషిని చూచినది.

ఇల్లు చేరిన రాత్రి ఆ పుస్తకము అత్తగారికి చదివి వినిపించెను. ఆమె చాలసేపు పలుకక, పిదప ఇట్లనిరి: "మా మామ్మకి ఏడో ఏట పెళ్లయింది. ఎంత పుచ్చుకున్నారో ఆవిడకి తెలుసు. ఎవరడిగినా చెప్పేది కాదు." ఈ మాటలను గ్రంథభాషలోనికి మార్చ మాకు చేయి రాలేదు. అప్పారావుగారు తమ నాటకమునకు ఆ భాషనే యేల యెన్నుకొనిరో మాకు ఆనాడు తెలిసినది. పెద్దది తన లెక్కక్రింద ఒక పంక్తి చేర్చినది: "మామ్మగారి మామ్మ. ఏడేండ్లు. వెల తెలియదు." బాల్యవివాహ నిరోధమునకు 1929లో చట్టము చేయబడినదనియు, నాడు కన్యకు 14 ఏండ్లని నియమింపగా నేడు 18 ఏండ్లైనదనియు మఱునాడు చెప్పితిమి. ఆ పాఠమును రెండవసారి చెప్పవలసిన యక్కఱ కలుగలేదు.

అది మొదలు వీలైనప్పుడెల్ల ఇట్టి చోటులకు పోవుచున్నాము. వంశధారా తీరమున శాలిహుండము కొండమీది బౌద్ధస్తూపములను చూచితిమి. ఆ స్థలమును 1919లో వెలుగులోనికి తెచ్చినవారు గిడుగు రామమూర్తిగారు. ఆయనయు అప్పారావుగారును విజయనగరమున సహాధ్యాయులని విని, పిల్లలు తమ కెఱిగిన బంధువులు కలిసికొన్నట్లు సంతోషించిరి.

మా యనుభవమునబట్టి రెండు మూడు మాటలు. ఒక్కపూటలో అన్నియు చూపబోకుడు. పిల్లలకు మిగులునది కాళ్లనొప్పియే. ఒక్క గది, ఒక్క వస్తువు చాలును. పోవుటకు ముందు ఆ చోటిని గూర్చి మీరు కొంత చదివికొనుడు. కాని అంతయు ముందే చెప్పివేయకుడు. పిల్ల ప్రశ్న యడుగువఱకు ఓపికపట్టుడు. ప్రశ్న కష్టమైనదైనచో దాటవేయకుడు. ఇల్లు చేరినపిదప చూచినదానిని పెద్దలకు చెప్పింపుడు. వస్తుశాలలో లేని వస్తువు మన వంటింటి పీటమీదనే కూర్చుండియుండవచ్చును.

బడులు తెఱచినప్పుడు మా పెద్దమ్మాయి మఱల పుస్తకముల సంచి తగిలించుకొని వెళ్లినది. ఆ లెక్కల పుస్తకమును మాత్రము ఇంటనే దాచినది. చెల్లెలికి చదువు వచ్చిన తరువాత తానే చూపవలెనట.