బాలింతకు పట్టింది గాలి కాదు, గడ్డ

బాలింతకు ఫిట్స్ వస్తే "గాలి సోకింది" అనే మాట మా వైపు ఇంకా పోలేదు. రెండేళ్ళ క్రితం మా బంధువుల ఇంట్లోనే విన్నాను. కాన్పయి పది రోజులు. తలనొప్పి, వాంతులు. పచ్చి ఒళ్ళు కదా, చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టారు. నాలుగు రోజుల తర్వాత కుడి చెయ్యి కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చాయి. తేరుకున్నాక ఆమె ఏదేదో మాట్లాడింది. ఇక ఇంట్లోవాళ్ళకు సందేహం లేదు, తాయెత్తు కట్టేవాడికి కబురు వెళ్ళింది. డిగ్రీ చదివే తమ్ముడు మాత్రం ఎవరి మాటా వినకుండా ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందని తేలింది.

పక్షవాతం అనగానే మనకు ధమని మూసుకుపోవడమే గుర్తొస్తుంది. ఇది రక్తం తిరిగి వెళ్ళే దారిలో వచ్చే జబ్బు. కాలువ పూడితే మురుగు వీధిలోకి ఎగదన్నినట్టు, సిర మూసుకుంటే వెనక ఒత్తిడి పెరిగి మెదడు వాస్తుంది, ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది. అందుకే చాలామందిలో ఇది క్షణంలో పడెయ్యదు, రోజుల తరబడి ముదురుతుంది. తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, మాట తేడా. మామూలు సీటీ స్కాన్‌లో కనబడకపోవచ్చు, సిరలను చూపే వీనోగ్రాం తీయాలి.

చికిత్స కథ మన హేతువాదులు తెలుసుకోదగ్గది. మెదడులో రక్తస్రావం ఉన్నవాళ్ళకు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇవ్వడమా? వింటేనే తప్పనిపిస్తుంది. జర్మనీలో 20 మందిని రెండు జట్లు చేసి పరీక్షించారు. 1991లో ఫలితాలు వచ్చాయి. హెపారిన్ తీసుకున్న పదిమందిలో ఎనిమిదిమంది పూర్తిగా కోలుకున్నారు, ఎవరూ చనిపోలేదు. మందు లేని పదిమందిలో ముగ్గురు పోయారు, పూర్తిగా కోలుకున్నది ఒక్కరే. చిన్న పరీక్షే, కానీ "అనిపించడం" ఓడిపోయింది.

కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరమే గడ్డకట్టే గుణం పెంచుకుంటుంది. ఆ గుణం తగ్గడానికి ఆరు వారాలైనా పడుతుంది. దానికి రక్తహీనత తోడు. పైగా పొట్ట పెరుగుతుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ బాలింతకు గుక్కెడు నీళ్ళు కూడా కొలిచి ఇచ్చే పథ్యం. నీళ్ళివ్వకపోవడం వల్లే గడ్డ వచ్చిందని నేననను, అంటే నాకూ తాయెత్తువాడికీ తేడా ఏముంది? ఉన్న ప్రమాదానికి అదొకటి కలుస్తుంది, అంతే.

ఆడవాళ్ళ జబ్బు అనుకునేరు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించిన 428 మంది వివరాల్లో సగానికి పైగా మగవాళ్ళే. రక్తహీనత, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉండడం, మద్యం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు అక్కడ కనిపించిన ముఖ్య కారణాలు. మగవాళ్ళకు ఏ దయ్యం పట్టిందో మరి!

ఆ మాత్రల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వ్రతమనీ, తిరుపతి ప్రయాణమనీ, మైల తగలకూడదని నెలసరి వాయిదా వేసుకోవడానికి హార్మోన్ మాత్రలు మింగేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఇరాన్‌లో రంజాన్ ఉపవాసాలు తప్పకూడదని ఇలా మింగినవాళ్ళలో ఈ జబ్బును అక్కడి వైద్యులు గమనించి రాశారు. వేసుకున్న అందరికీ గడ్డలు రావు, వచ్చేది చాలా కొద్దిమందికే. కానీ చీటీ లేకుండా షాపులో మాత్రలు ఇచ్చే కుర్రాడు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చాయా, ఈమధ్య కాన్పయిందా అని అడగడు. తీసుకునే ఆవిడ కూడా పూజ ఏ రోజో చెబుతుంది గానీ, వారం నుంచి తలనొప్పిగా ఉందని చెప్పదు.