ఊపిరికి సెలవెందుకు?

మా మేనత్తకు చిరకాలముగా ఉబ్బసము. పెద్దలింకను వాయల్పాడనియే పిలుచు ఈ వాల్మీకిపురములో, మా యింటి వసారాయందు, చలికాలపు రాత్రుల నామె గోడకానుకొని కూర్చుండి ఊపిరికై పెనగులాడుట మేము పసితనమునుండి చూచుచునే యుంటిమి. ఆమె చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్నది. నాటినుండి ఉపవాసములు, ఒంటిపూట భోజనములు, వంటయింటి పొగ, ఇవియే ఆమె పాలికి వచ్చిన భాగ్యము. అరువదేండ్లు దాటినపిమ్మట, ప్రాణాయామము నేర్చుకొందునని ఆమె యొకనాడు ధైర్యము చేసి పలుకగా ఇంటిలో పెద్ద కలకలము పుట్టెను. ఆడువారికి, అందును భర్త లేనివారికి, ఈ వయసున యోగమేమనిరి. అప్పుడామె యన్న మాట మాకింకను చెవులలో నున్నది: "ఊపిరి తీసుకునేదానికి గూడా ఒకరి సెలవు కావల్లనా నాయనా?"

ఆ ప్రశ్నకు బదులు మా ఊరి చేరువనే కలదు. తరిగొండ మాకు దూరము కాదు. 1730వ సంవత్సరమున అచ్చట పుట్టిన వెంగమాంబ బాల్యమునందే వితంతువయ్యెను. తల గొరిగించుకొనుమనిన ఆచారమున కామె లొంగలేదని మా ప్రాంతపు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. మదనపల్లెలోని సుబ్రహ్మణ్య దేశికుల యొద్ద యోగవిద్య నభ్యసించెననియు వాడుక. ఆమె ద్విపదలో రాజయోగామృతసారమును రచించినది; పిదప తిరుమల చేరి, 1817లో అచ్చటనే దేహము చాలించినది. నేడు తిరుమలలో వేలాది యాత్రికులు భుజించు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన 1881వ సంవత్సరమునకు అరువదినాలుగేండ్లు ముందే ఆమె కన్నుమూసెను. ఆమె వెనుక ఏ సమాజమును లేదు, ఏ పత్రికయు లేదు. అట్టి స్త్రీ పుట్టిన సీమలో, మా అత్తను యోగము చేయరాదని మేమెట్లందుము? ఆమె పక్షము వహించితిమి. ఆ పని చేసినందుకు మేమిప్పటికిని సంతసింతుము. పశ్చాత్తాపపడవలసినది తరువాతి సంగతి.

ఆ యేడు మా అన్న కుమారుడు సెలవులకు వచ్చెను. అతడు చీనాదేశమున షాంఘై పట్టణములో ఉద్యోగము చేయుచుండెను. అచ్చటి తోటలలో తెల్లవారుజామున ముసలివారు గుంపులుగా నిలిచి, నీటిలో నడచినట్లు మెల్లగా చేతులు, కాళ్ళు కదపుదురట. ఆ విద్యకు థాయ్-చీ యని పేరు. అది మల్లయుద్ధమునుండి పుట్టినదే యైనను, బలమును కండలలోగాక లోపలి ఊపిరిలో వెదకును. ఆ లోపలి శక్తిని చీనావారు 'చి' యందురు. ఆ మాటను వ్రాయు పాత అక్షరములో బియ్యపు గుర్తును, దానిమీద ఆవిరి గుర్తును కలవని అతడు మేడమీద సుద్దతో గీసి చూపెను. మా అత్త దానిని చూచి నవ్వి, "అయితే ఇది అన్నం కుండ మీది ఆవిరే" అనెను. అన్నమయ కోశముపై ప్రాణమయ కోశమును చెప్పిన మన తైత్తిరీయోపనిషత్తు ఆమె చదువలేదు. అయినను వంటయింటి అనుభవముతో ఆ రెండు దేశముల భావమును ఒక్క మాటలో పట్టుకొన్నది.

ఈ అభ్యాసము నిన్న మొన్నటిది కాదు. 1973లో మావాంగ్‌దుయ్ అనుచోట, క్రీస్తునకు పూర్వము 168వ సంవత్సరమున మూసిన సమాధిలో ఒక పట్టుబట్ట దొరకినది. దానిపై వ్యాయామము చేయుచున్న నలువదినాలుగు బొమ్మలు గీయబడియున్నవి. వానిలో స్త్రీలును కలరు. ఈ సంగతి విని మా అత్త మురిసిపోయెను. ప్రతి ఉదయమును మనుమని వెంట మేడపై చేతులు కదపుచు, తరువాత కూర్చుండి ప్రాణాయామము చేయుచు, రెండు మాసములలో ఆమె ముఖము తేటపడెను. మెట్లెక్కునప్పటి ఆయాసము తగ్గెను.

అంతట మేము తప్పు చేసితిమి. సమీప గ్రామములో శిబిరము నడుపుచున్న యొక యోగగురువు, మందు ఊతకఱ్ఱ వంటిదనియు, ప్రాణమును జయించినవారికి దానితో పనిలేదనియు బోధించెను. మా అత్త నమ్మినది. ఆమె చదువుకొననిది, నమ్ముట వింత కాదు. చదువుకొన్న మేము నమ్మితిమి. ఊపిరిని గూర్చిన గ్రంథములు నాలుగు చదివిన గర్వమున, ఆమె దినదినము వాడు ఇన్‌హేలరును మేమే తీసి బీరువాలో పెట్టితిమి. మూడు వారములు గడచెను. మార్గశిర మాసపు మంచు రాత్రి రెండు గంటల వేళ ఆమె పెదవులు నీలమయ్యెను. నోట మాట రాలేదు. ఆటోలో మదనపల్లెకు గొనిపోవు దారిలో, మా భుజముపై వ్రాలిన ఆమె తల బరువును మేము జన్మలో మరువజాలము. పురాచారమునకు బానిసలైన మా పెద్దలు ఆమెకు యోగము వలదనిరి. క్రొత్త విశ్వాసమునకు బానిసలమైన మేము ఆమెకు మందు వలదంటిమి. ఆమెను అడుగవలసిన మాట ఇరువురమును అడుగలేదు.

ఆమె బ్రదికెను. వైద్యురాలు మమ్ము కోపింపక, కాగితముపై బొమ్మ గీసి వివరించినది. ఉబ్బసమున ఊపిరిగొట్టముల లోపలి పొర వాచును, చుట్టునున్న కండరము బిగియును. గాలి లోనికి పోవుటకంటె వెలుపలికి వచ్చుట కష్టమగును. నెమ్మదిగా ఊపిరి విడుచు అభ్యాసము భయమును తగ్గించును, ఆయాసమును ఓర్చుకొను నేర్పు నిచ్చును. వాపును మాత్రము తీయలేదు. వాపును తీయునది మందే. "రెండును చేయండి, ఒకదానికై రెండవదానిని మానవద్దు" అనియే ఆమె చెప్పినది.

ఈ పాఠము మా ప్రాంతమునకు క్రొత్తది కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల వైద్యాలయముండెను. 1912లో ఆరంభమైన సంస్థ యది. నాడు క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. వానివలన కొందరు కోలుకొనిరి. రోగక్రిమి మాత్రము చావలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది. 1948లో మన దేశమున బీసీజీ టీకాలు మొట్టమొదట వేయబడిన తావులలో మదనపల్లె యొకటి. మందు వచ్చినదని గాలి చెడ్డది కాలేదు. గాలి మంచిదని మందు వ్యర్థము కాలేదు.

అభ్యాసము వట్టి భ్రమ యని మేమనుట లేదు. ఇటలీ వైద్యులు 2001లో ప్రకటించిన పరిశోధనయందు, జపమాల త్రిప్పుచు ప్రార్థించునపుడును, మంత్రము జపించునపుడును ఊపిరి నిమిషమునకు ఇంచుమించు ఆరు పర్యాయములకు దిగెననియు, అప్పుడు రక్తపు పోటును గుండె సర్దుకొను శక్తి మెరుగయ్యెననియు తేలినది. థాయ్-చీ చేయు వృద్ధులు తూలి పడుట తగ్గుననియు పరిశోధనలు చూపినవి. 'చి' యనునది ఏ కొలకఱ్ఱకును దొరకలేదు గాని, కాలు తడబడకుండుట దొరకినది. హద్దుమీరిన సాధనవలన మతి చలించు జబ్బును సయితము వైద్యులెరుగుదురు. అమెరికా మానసిక వైద్యులు 1994లో తమ గ్రంథమున దానిని పేర్కొనిరి. 1895లో మదనపల్లెయందు జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు ఆసన ప్రాణాయామములను తాము చేయుచునే, అవి ధ్యానమునకు మార్గమని మాత్రము ఒప్పుకొనలేదు. దేహమునకు చేయు సేవను దేహమునకే లెక్క కట్టుట వారి వివేకము.

ఇప్పుడు మా అత్త తెల్లవారగనే మొదట మందు పీల్చి, నోరు పుక్కిలించి, పిదప మేడ యెక్కును. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు ఆమెతో కూడ నిలిచి చేతులు కదపుదురు. వారిలో భర్త గలవారును కలరు, లేనివారును కలరు. ఆ భేదము మేడమీద ఎవ్వరును తలపరు. క్రొత్తగా వచ్చినవారిని మా అత్త మొదట అడుగు ప్రశ్న యొకటే: "మందులేమైనా వాడతా ఉండావా అమ్మా? వాటిని మాన్పొద్దు."

బీరువా తాళపుచెవి ఆనాటినుండి ఆమె కొంగుననే యున్నది. మేమడుగలేదు, ఆమె ఇయ్యలేదు. అది న్యాయమే యని మాకు తోచుచున్నది.