పిల్ల పచ్చగుంది

మా పాప పుట్టిన నాలుగో రోజు పొద్దున్నే మా అత్తమ్మ ఫోన్ చేసి, "పిల్ల పచ్చగుంది బిడ్డా" అన్నది. నేను నవ్వాను. "అయితే మీ పోలికే అత్తమ్మా, నా నలుపు రాలే" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, తిన్నవా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

మాది దేవరకొండ వైపు, అత్తగారిల్లు జడ్చర్ల దగ్గర ఒక ఊరు. కాన్పుకి నా భార్య పుట్టింటికి వెళ్ళింది. నేను పాప పుట్టిన రోజు వెళ్ళి, రెండు రోజులుండి, ఆఫీసులో రిలీజ్ ఉందని హైదరాబాద్ వచ్చేశాను. మా దగ్గర పిల్ల పచ్చగుందంటే మంచి రంగులో ఉందని, పసిమి ఛాయ అని. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు ఆ మాటతోనే మొదలుపెడతారు. నేను విన్నది ఆ పచ్చే.

సాయంత్రం వీడియో కాల్‌లో పాపని చూశాను. బాగానే ఉంది. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి ఇంకా సిగ్గుగా ఉంటుంది: ఫోన్ కెమెరా వైట్ బ్యాలెన్స్ అని ఒకటి చేస్తుంది. దృశ్యంలో పసుపు ఎక్కువైందనుకుంటే, అది బల్బు వెలుగు వల్లేమో అనుకుని తగ్గించేస్తుంది. మా అత్తమ్మ కళ్ళతో చూసి చెప్పినదాన్ని ఫోను సరిదిద్ది నాకు చూపించింది.

మర్నాడు నా భార్య ఫోన్ చేసింది. "పాలు తాగుతలేదు, ఒకటే పండుకుంటుంది" అన్నది. నేను బయల్దేరి వెళ్ళేలోపే వాళ్ళు పాపని మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పాప నుదురు మీద వేలితో నొక్కి చూసింది, తర్వాత పొట్ట, తర్వాత అరికాలు. కామెర్లు తల నుంచి కిందికి దిగుతాయట. అరికాళ్ళ దాకా వచ్చాయంటే చాలా ఉన్నట్టు. రక్తపరీక్షలో బిలిరుబిన్ 19 వచ్చింది. "నిన్ననే తీసుకురావాల్సింది, ఎవరూ చూడలేదా?" అన్నది. చూసిన మనిషి నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ఏమీ అనలేదు.

రెండు రాత్రులు పాప నీలం లైట్ల కింద, కళ్ళకి గంతలతో పడుకుంది. నేను బయట బెంచీ మీద. బ్యాగులో ఒక పుస్తకం ఉంది, గయ్ డాయిచర్ 2010లో రాసిన 'త్రూ ది లాంగ్వేజ్ గ్లాస్'. సమీక్ష రాస్తానని ఒప్పుకుని నెలయింది. అది మొదలయ్యేదే హోమర్ రంగులతో. గ్లాడ్‌స్టన్, తర్వాత నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయినాయన, 1858లో హోమర్ మీద మూడు సంపుటాలు రాశాడు. అందులో ఒక అధ్యాయం రంగుల గురించి. హోమర్ రంగుల మాటలు పొంతన లేకుండా ఉన్నాయని, ఆ కాలపు గ్రీకుల కంటికి రంగుల్ని విడదీసే శక్తి ఇంకా పూర్తిగా రాలేదని తేల్చాడు. ఆయన్ని తికమకపెట్టిన మాటల్లో ఒకటి క్లోరోస్.

హోమర్‌లో తేనె క్లోరోస్. అప్పుడే కోసిన చెట్టుకొమ్మ క్లోరోస్. ఒంటికన్ను రాక్షసుడి గుహలో దొరికిన ఆలివ్ దుడ్డు కూడా అంతే, నిప్పులో పెట్టినా అది ఇంకా క్లోరోస్‌గానే ఉంది. యుద్ధంలో మనుషుల్ని పట్టుకునే భయం క్లోరోస్. తర్వాతి కవుల్లో యురిపిడీస్ కన్నీళ్ళకి వాడాడు, సోఫోక్లీస్ రక్తానికి వాడాడు, అరిస్టోఫనీస్ తాజా చీజ్‌కి. సఫో కవితలో ప్రేమతో వణికిపోతున్న మనిషి తన ఒంటిని గడ్డితో పోల్చుకుని ఇదే మాట అంటుంది. ఇంగ్లీషు అనువాదకులు ఒక చోట గ్రీన్ అని, ఇంకో చోట పేల్ అని, మరో చోట ఫ్రెష్ అని రాసుకుంటూ పోయారు.

ఆ బెంచీ మీద నాకు ఆ జాబితా అర్థం కాకపోవడం అనేది జరగలేదు. దుడ్డుకర్ర పచ్చిది. పుండు పచ్చిది. లోపల వార్డులో నా భార్య పచ్చి బాలింత. పచ్చజొన్న ఎండినాక కూడా పచ్చజొన్నే, అది పసుపు. పచ్చిమిరప ఆకుపచ్చ. రైల్వే గార్డు ఊపే పచ్చ జెండా ఒక రంగు, 1982లో ఎన్టీఆర్ పెట్టిన పార్టీ పచ్చ జెండా ఇంకో రంగు, ఎవరూ పొరబడి రైలెక్కలేదు. హోమర్ భయాన్ని పచ్చ భయం అంటే నవ్వొస్తుంది గానీ పచ్చి భయం అనండి, ఏ ఫుట్‌నోట్ అక్కర్లేదు. ఎలినార్ ఇర్విన్ అనే పండితురాలు 1974లో గ్రీకు కవిత్వంలో రంగుల మాటల మీద రాసిన పుస్తకంలో క్లోరోస్‌కి మూలం రంగు కాదు, తడి అని వాదించింది. ఆమెకి ఒక్క తెలుగు వంటింటిని చూపిస్తే సగం పేజీలు ఆదా అయ్యేవి.

చుట్టరికం మాత్రం లేదు. పచ్చ ద్రావిడ ధాతువు నుంచి వచ్చింది. పసుపు, పసిడి, పసరు, పైరు, పసిపిల్లలోని పసి, అన్నీ ఆ ఇంటివే. క్లోరోస్ బంధువులు సంస్కృతంలో ఉన్నారు: హరి, హరితం, హిరణ్యం, పసుపుకొమ్ము పేరైన హరిద్ర. గ్రీకులో పైత్యరసం పేరు ఖోలె కూడా ఆ వంశమే అంటారు. రెండు వంశాలు, సంబంధం లేకుండా, ఆకునీ బంగారాన్నీ పైత్యాన్నీ లేత మొక్కనీ ఒకే చేత్తో పట్టుకున్నాయి. రుగ్వేదం మొదటి మండలంలో ఒక సూక్తం 'హరిమ'ని, అంటే కామెర్ల పచ్చదనాన్ని, చిలకలకి పంపేయమని సూర్యుణ్ణి అడుగుతుంది. (పాపకి వెలుగుతోనే వైద్యం జరుగుతున్నప్పుడు ఇది గుర్తొచ్చింది. 'కన్యాశుల్కం' చదివినవాళ్ళు నవ్వుతారని తెలుసు, నేనేమీ దావా వేయట్లేదు.)

మరి గ్లాడ్‌స్టన్ చెప్పినట్టు కళ్ళు ఎదగనిది ఎవరికి? మా అత్తమ్మ మూడు గజాల దూరం నుంచి చేలో ఏ ఆకుకి తెగులు మొదలైందో చెప్తుంది. నేను హెక్స్ కోడ్‌తో ఆకుపచ్చకీ పసుపుకీ తేడా అణువంత కూడా తప్పకుండా రాయగలను.

అయితే పచ్చ అంటే తాజాదనం, జీవం అని ముచ్చటపడి ఆగిపోలేను. హిపోక్రటీస్ పేరు మీదున్న 'ప్రోగ్నోస్టిక్' అనే గ్రంథంలో చావు దగ్గరపడ్డ మనిషి ముఖం ఎలా ఉంటుందో చెప్తూ వాడిన రంగుల్లో క్లోరోస్ ఒకటి. బైబిల్ చివరి పుస్తకంలో మృత్యువు ఎక్కి వచ్చే గుర్రం కూడా క్లోరోసే. తెలుగు బైబిల్లో దానికి పాండుర వర్ణం అని రాశారు. మార్కు సువార్తలో జనం కూర్చున్న గడ్డికి మూలంలో ఉన్నది అదే మాట, తెలుగులో పచ్చిక అయింది. అనువాదకులు ఏది ఏ పచ్చో తేల్చుకుని రెండు మాటలు పెట్టారు. నాకు ఫోన్లో ఒక్క మాటే వచ్చింది, తేల్చుకోవాల్సింది నేను. నాకు నచ్చిన అర్థం తీసుకున్నాను.

రెండో రోజు డాక్టరమ్మ కాస్త తీరిగ్గా ఉంటే అడిగాను. రక్తకణాలు విరిగినప్పుడు ముందు తయారయ్యేది బిలివర్డిన్, అది ఆకుపచ్చ. అది మారి బిలిరుబిన్, పసుపు. దెబ్బ తగిలి కమిలిన చోట మనం చూసే రంగులు ఇవే. లైట్ల కింద ఉన్నన్నాళ్ళు పాప విరేచనం కూడా ఆకుపచ్చగానే వచ్చింది. మా అత్తమ్మ ఆ గుడ్డలు తీసుకెళ్తూ "పచ్చగ పోతుంది, మంచిదేనా?" అని అడిగింది. నన్ను కాదు, నర్సుని.

ఆసుపత్రి నీళ్ళట్యాంకు దగ్గర బ్లీచింగ్ వాసన. క్లోరిన్‌కి 1810లో హంఫ్రీ డేవీ పేరు పెట్టింది ఈ క్లోరోస్ నుంచే. మా జిల్లా పేరు మోసే నల్లగొండ టెక్నిక్, ఫ్లోరైడ్ నీళ్ళని పటికా సున్నంతో శుద్ధి చేసేది, అందులోనూ కలిపేవాటిలో ఒకటి బ్లీచింగ్ పౌడరే. చిన్నప్పటి నుంచి ఆ మాటని తాగుతూనే పెరిగానన్నమాట.

మూడో రోజుకి బిలిరుబిన్ 11కి దిగింది. ఇంటికి పంపించారు. పక్కింటావిడ పసరు తాగిద్దామని గిన్నెతో వచ్చింది, మా అత్తమ్మే వద్దని పంపేసింది.

పాపకిప్పుడు నాలుగేళ్ళు. సమీక్ష ఇప్పటికీ రాయలేదు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు, మా అత్తమ్మ గడపకి పసుపు రాస్తుంటే అడిగాను, ఆ రోజు ఫోన్లో పిల్ల పచ్చగుందన్నప్పుడు మంచి రంగనే అన్నారా, కామెర్లనే అన్నారా అని.

చెయ్యి ఆపకుండానే అన్నది: "నేను చూసింది జెప్పిన బిడ్డా. నువ్వు నవ్వినవ్."