బ్రతికితేనే వెయ్యి

ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మన సామెత. ఆ సామెతకు లొంగని ఏనుగొకటి న్యూజెర్సీలో ఉన్నది. అట్లాంటిక్ సిటీకి దక్షిణంగా మార్గేట్ అనే చిన్న ఊళ్ళో, సముద్రపుటొడ్డున, రోడ్డు పక్కనే నిలబడి ఉంటుంది. పేరు లూసీ. ఎత్తు 65 అడుగులు, బరువు సుమారు 90 టన్నులు. ఎముకలు కొయ్యవి, చర్మం రేకుది. కాలిలోని మెలికల మెట్లెక్కితే కడుపులో విశాలమైన గది; ఇంకా పైకెక్కితే అంబారీ, అక్కడినుండి సముద్రం.

ఇంతకీ దీనిని కట్టించినది ఏ మహారాజో కాదు, స్థలాల వ్యాపారి. జేమ్స్ లాఫర్టీ అనే ఆయన 1881లో ఆ ఇసుకదిబ్బలను ముక్కలు చేసి అమ్మదలచి, జనాన్ని రప్పించడానికి ఏనుగును నిలబెట్టాడు. కొనవచ్చినవారిని అంబారీ ఎక్కించి ప్లాట్లు చూపేవాడట. మన నగర శివార్లలో వెంచర్లకు కమానులు కట్టేవారికి ఆయనను పెద్దన్నగా చెప్పుకోవచ్చు. జంతువుల ఆకారంలో భవనాలు కట్టే పద్ధతికి 1882లో పేటెంటు కూడా సంపాదించాడు. కోనీ ఐలాండ్‌లో ఇంతకంటె పెద్ద ఏనుగొకటి లేచింది. అది 1896లో కాలిపోయింది. కేప్ మే దగ్గరి మరొకటి 1900లో నేలమట్టమైంది. మిగిలినది లూసీ ఒక్కతే.

అదీ చేతులు మారి, సారాయి అంగడిగానూ కాపురపుటిల్లుగానూ ఉండి, చివరకు శిథిలమైంది. కింది స్థలం అమ్ముడుపోగా, తరలించడానికి ఇచ్చిన గడువు నెల రోజులు. ఊరివారు కొందరు సంఘంగా ఏర్పడి, ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. 1970 జూలై 20న ఏనుగును చక్రాలమీదికెక్కించి రెండు వీధుల అవతలికి చేర్చారు. ఆరేళ్ళు తిరక్కుండానే, 1976లో, అది జాతీయ చారిత్రక చిహ్నమైంది. పడగొట్టి ఉంటే దాని వెల పాతరేకుల వెలే.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకువెళ్ళి చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగి, "ఆడపేరు పెట్టి దంతాలు పెట్టారేమిట్రా?" అన్నారు. పేరు తర్వాతి యజమానుల కాలంలో వచ్చిందని చెప్పాను. 2022 చివరకు రేకు చర్మమంతా ఒలిచి కొత్తది తొడిగారనీ, 20 లక్షల డాలర్లకు పైగా ఖర్చయిందనీ చెబితే, "చర్మమంతా మారిస్తే పాత ఏనుగెట్లా అవుతుంది?" అని తనే అడిగి, తనే, "గుడికయితే జీర్ణోద్ధరణ అంటాం. ఇదీ అంతేలే" అన్నారు.

తిరుగుదారిలో ఆయన మా ఊరి సత్రం మాటెత్తారు. దాని పైకప్పు అంచున రెండు సున్నపు సింహాలుండేవి. ఒకదానికి మీసాలు, రెండోదానికి మెల్లకన్ను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సత్రంతోపాటు అవీ పోయాయి. వాటి కింద శాసనం లేదు, చెక్కినవాని పేరు లేదు; అందువల్ల ఏ జాబితాలోకీ ఎక్కలేదు. కాని ఈనాటికీ మా ఊరికి దారి చెప్పేవాళ్ళు "సింహాల దగ్గర దిగండి" అనే అంటారు. దిగినవాడికి అక్కడ సింహాలు కనబడవు.

మనం కోటలకూ గోపురాలకూ గౌరవమిస్తాం, ఇవ్వవలసిందే. కాని నవ్వు తెప్పించే కట్టడాలకు ఆ గౌరవం దక్కదు. కట్టినవాడి ఉద్దేశం వ్యాపారమే కావచ్చు. ఆ వ్యాపారం ఏనాడో ముగిసింది, చూసినవారి నవ్వులు మాత్రం తరతరాలుగా ఆ ఊరి ఆస్తి అయ్యాయి. చందాలిచ్చినవారు కాపాడుకున్నది ఆ ఆస్తినే అని నాకనిపిస్తుంది.

హైదరాబాదులో పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీదుగా విమానాశ్రయానికి వెళ్ళేవారు ఒక చేపను చూసే ఉంటారు. జాతీయ మత్స్యాభివృద్ధి సంస్థ కార్యాలయమది, 2012లో తయారైంది. చీకటి పడ్డాక నీలికాంతిలో ఈదుతున్నట్టే ఉంటుంది. ఇప్పుడది కొత్తది, దానికి ఏ ఆపదా లేదు. ఎనభై ఏళ్ళ తర్వాత పొలుసులు రాలినప్పుడు దానికోసం చందాల పుస్తకం పట్టుకొని ఎవరైనా ఇంటింటికీ తిరుగుతారా? తిరగాలంటే, ఇవాళ కారు కిటికీలోంచి దాన్ని చూసి కేరింతలు కొడుతున్న పిల్లలే పెద్దలై తిరగాలి.