బడి బాగుందంటే అర్థమేమిటి?

మా చంద్రగిరిలో పిల్లవాడెవడైనా ఎదురైతే పెద్దలు వెనకటికి వేసే మొదటి ప్రశ్న "ఎన్నో క్లాసు నాయినా?" అని. ఇప్పుడు "ఏ స్కూలు నాయినా?" అంటున్నారు. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు పిల్లవాడిని గురించి చెబుతుంది. రెండవదానికి వచ్చే జవాబు వాడి తల్లిదండ్రుల స్తోమతును గురించి చెబుతుంది. ప్రశ్న మారిన ఈ పాతిక ముప్ఫై ఏళ్ళలోనే మా ఊరి చదువుల కథంతా ఉందని నాకనిపిస్తుంది.

తెల్లవారి ఏడున్నర అయ్యేసరికి తిరుపతి బడుల పసుపుపచ్చ బస్సులు మా వీధి మలుపులో నిలబడి హారన్లు కొడుతుంటాయి. ఆ తరువాత కాసేపటికి ప్రభుత్వ బడికి పోయే పిలకాయలు భుజాన సంచీలతో గుంపులుగా నడిచిపోతుంటారు. రెండు రకాల పిల్లలూ ఒకే వీధివారు. ఒక్కోసారి ఒకే ఇంటివారు కూడా. కొడుకు బస్సెక్కితే కూతురు నడిచిపోయే ఇళ్ళు మా వీధిలోనే రెండున్నాయి. ఆ ఇళ్ళలో తల్లిదండ్రులను బడి ఎలా ఉందని అడిగి చూడండి. రెండు బడుల గురించీ ఒకే మాట చెబుతారు: "బాగానే చెప్తా ఉండారు."

ఈ "బాగానే" అన్న మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. అందులో తృప్తి ఎంత, మొగమాటం ఎంత, ఇంకేం చెప్పాలో తెలియకపోవడం ఎంత?

మా వీధివారికి అర్జీలు రాసిపెట్టడం, ఉత్తరాలు చదివిపెట్టడం మా నాయన చేసేవారు. ఆయన తరువాత ఆ పని నాకు వచ్చింది. ఉత్తరాలు పోయాయి, వాటి స్థానంలో ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి. పరీక్షలు అయిన తరువాత, సంతకం పెట్టే ముందు "ఇందులో ఏముందో చూడన్నా" అంటూ నలుగురైదుగురు వస్తారు. కార్డు నిండా ఏ-వన్, ఏ-టూ, బీ-వన్ అనే గుర్తులు. అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం. ఇంకా శ్రద్ధ పెట్టాలని దాని భావం. ఆ వాక్యం ఏ పిల్లవాడికైనా సరిపోతుంది. నేను చదివి చెబుతాను. వాళ్ళు తలూపి, సంతకమో వేలిముద్రో వేసుకొని వెళ్ళిపోతారు. తమ బిడ్డను గురించి తమకే రాసిన కాగితం తమకు చదవరాని భాషలో ఉండడం వాళ్ళకు వింతగా తోచదు. కోర్టు కాగితం, ఆస్పత్రి కాగితం, బ్యాంకు కాగితం అన్నీ అలాగే ఉంటాయి గదా!

2020లో ఇంగ్లీషు మాధ్యమం గొడవ మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలన్న ఉత్తర్వును ఆ ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల అభీష్టాన్ని రాతపూర్వకంగా సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషునే కోరుకున్నారని ప్రకటించింది. తెలుగు మీది మమకారంతో నాలుగు మాటలు రాసుకునే మనబోటివారికి ఆ సంఖ్య చివుక్కుమనిపించింది. ప్రోగ్రెస్ కార్డులు చదివిపెట్టే నాకు మాత్రం అది ఆశ్చర్యం కలిగించలేదు. ఆ తల్లులు తెలుగును కాదనలేదు. కాగితాలన్నీ ఏ భాషలో తమను భయపెడుతున్నాయో, ఆ భాష తమ బిడ్డకైనా రావాలన్నారు. అయితే ఆనాడు అడిగింది ఏ భాషలో చదువు కావాలని మాత్రమే. ఇప్పటిదాకా చెప్పిన చదువులో మీ బిడ్డకు ఏమి వచ్చిందని ఎవరూ అడగలేదు.

అక్షరం రాని తల్లి బడిని దేనితో కొలవాలి? కంటికి కనిపించేదానితోనే కొలుస్తుంది. బూట్లు, టై, బస్సు వచ్చే వేళ, నోటుపుస్తకంలో ఎర్రసిరా టిక్కులు, చుట్టాలు వచ్చినప్పుడు బిడ్డ అప్పజెప్పే ఇంగ్లీషు పాట. బడులవారు తెలివైనవారు కనుక కొలిచే వస్తువులనే పెంచుకుంటూ పోతారు. దీన్ని అజ్ఞానమని నవ్వేవారితో నేను ఏకీభవించలేను. మా వైపు వేరుశనగ వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి, ఒలిచి గింజ చూసిగానీ ధర చెప్పడు. ఒలవకుండా ధర చెప్పమంటే అతనైనా పొట్టు రంగు చూసే చెప్పాలి. బడి దగ్గర మన తల్లిదండ్రుల పరిస్థితి అదే.

డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు. 2020 జనవరి 9న మా చిత్తూరులోనే ప్రారంభమైన అమ్మఒడి పథకం తల్లుల ఖాతాల్లో 15,000 రూపాయలు వేసింది. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో 13,000 రూపాయల చొప్పున వేశారు. బిడ్డ చదివేది ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా అన్న భేదం రెండు పథకాలూ చూడలేదు. మంచిదే. బీదతల్లికి ఎంచుకునే శక్తి కొంత వచ్చింది. ఒలిచి చూసే వీలు మాత్రం రాలేదు.

అలా ఒలిచి చూసిన ప్రయత్నం ఒకటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. 2008లో 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో మొదలుపెట్టి, ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ వేసి, గెలిచినవారిని ప్రైవేటు బడుల్లో ఉచితంగా చదివించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ పిల్లలకు రెండేళ్ళకొకసారి, నాలుగేళ్ళకొకసారి పరీక్షలు పెట్టి, ఫలితాలను 2015లో ప్రచురించారు. తెలుగులో గానీ, లెక్కల్లో గానీ గెలిచినవారికీ ఓడినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవారు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, ప్రభుత్వం ఒక్కో పిల్లవాడిపై పెట్టే ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువతోనే ఆపాటి ఫలితం సాధించాయని కూడా తేలింది. ఈ ఫలితాన్ని ఇరుపక్షాలవారూ తమకు అనుకూలంగా వాడుకోవచ్చు. నేను గ్రహించింది వేరు. బస్సెక్కే కొడుక్కూ నడిచిపోయే కూతురికీ మధ్య తల్లిదండ్రులు ఊహించుకున్నంత దూరం చదువులో ఉండాలని లేదు. ఆ సంగతి వాళ్ళకు తెలిసే దారి లేదు.

ఇక ప్రభుత్వ బడుల సంగతి. ప్రథమ్ సంస్థవారి 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. సగం కూడా కాదు. మరి సగానికి పైగా తల్లిదండ్రులు అసంతృప్తితో రోడ్డెక్కారా? లేదు. "బాగానే చెప్తా ఉండారు."

మా వీధిలో ఆటో నడిపే ఆయన ఒకరున్నారు. నాకు తమ్ముడి వరస. కొడుకు ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. ఒకసారి అర్ధసంవత్సర పరీక్షల కార్డు పట్టుకొని, కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. తెలుగులో ఏ-టూ. బల్లమీద ఎవరిదో పెళ్ళిపత్రిక ఉంటే పిల్లవాడి చేతికిచ్చి చదవమన్నాను. "శ్రీరస్తు" దగ్గరే ఆగిపోయాడు. ఒత్తులు వచ్చిన ప్రతిచోటా ఆగి నా మొహం చూశాడు. పోనీ అని సంచిలోంచి ఇంగ్లీషు వాచకం తీయించాను. పాఠం గడగడా చదివాడు. పేజీ మధ్యలో నా అరచెయ్యి అడ్డం పెట్టాను. చదవడం ఆగలేదు.

తండ్రి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కొడుకును కసరలేదు, బడిని తిట్టలేదు. చాలాసేపటికి "నేను పోయి ఏమని అడగాలన్నా? నువ్వు మాట చెప్పు" అన్నాడు.

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఇంజను మోతలో రవ్వంత తేడా వస్తే మెకానిక్కును నిలదీసే మనిషి అతను. టైరు అరుగుదల చూసి ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చెప్పగలడు. అటువంటివాడు ఏడాదికి అన్ని వేలు కట్టే చోట నోరు విప్పకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు, మాట లేకపోవడం. తృప్తి చెందడానికి మాట అక్కరలేదు, ఊరకుంటే చాలు. తృప్తి లేదని చెప్పడానికి మాత్రం భాష కావాలి. ఆ భాషను మన బడులు పిల్లలకే సరిగా నేర్పడం లేదు, ఇక తల్లిదండ్రులకు ఎవరు నేర్పుతారు?

ఇద్దరం కూర్చొని రెండు మాటలు తయారుచేశాము. ఒకటి: "పుస్తకంలో నేను వేలు పెట్టిన చోట వాడిచేత చదివించండి." రెండు: "వానికి వచ్చింది నాకు చెప్పొద్దు, ఈ నెలలో రానిదేమిటో చెప్పండి." రెండూ అక్షరం రానివారు సైతం అడగదగినవి, జవాబు విని తెలుసుకోదగినవి. అతను వాటిని రెండుమూడుసార్లు అప్పజెప్పుకొని, ఒక శనివారం పూట బాడుగ వదులుకొని వెళ్ళాడు. వరండాలో గంటసేపు నిలబెట్టారట. తరువాత క్లాసు టీచరు వచ్చింది. చదువు ముగించుకొని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ప్రశ్నలు విని "నాకూ తెలుసన్నా, సిలబస్ అయిపోవాలంటారు" అన్నదట. ఆ తరువాత మధ్యాహ్నం అన్నాలయ్యాక పావుగంటసేపు ఆ పిల్లవాణ్ణి, వాడితోపాటు మరి ముగ్గుర్ని కూర్చోబెట్టి ఒత్తులు చదివించింది. వేసవి నాటికి మావాడు కూడబలుక్కొని పెళ్ళిపత్రిక చదవగలిగాడు. బడి మార్పించలేదు. ఈ మధ్య బడి ఎలా ఉందని అడిగితే, "చదవడం పరవాలేదన్నా. భాగహారం ఇంకా రాలేదు, అడగాల" అన్నాడు.

నేను విన్నవాటిలో బడిని గురించి తండ్రి చెప్పిన మొదటి నిజమైన జవాబు అది. ఫిర్యాదులా వినిపిస్తుంది గానీ, వంద "బాగానే"ల కన్నా ఎక్కువ నమ్మకం ఉంది అందులో.

ఇది ఒక్క ఇంటి ముచ్చటే కదా అంటారేమో. పాకిస్తాన్ పంజాబులో 112 గ్రామాలను తీసుకొని, సగం గ్రామాల్లో తల్లిదండ్రులకు తమ బిడ్డ మార్కులూ, ఊళ్ళోని బడులన్నిటి సగటు మార్కులూ కాగితం మీద రాసి ఇచ్చి, విడమరిచి చెప్పారు. ఆ గ్రామాల్లో పిల్లల చదువు మెరుగుపడింది, ప్రైవేటు బడుల ఫీజులు సుమారు 17 శాతం తగ్గాయి. చేసిందల్లా ఒలిచి చూపించడమే.

అంత దూరం పోనక్కరలేదు. మా మండలం మీదుగా పీలేరు దాటి పోతే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రంవారు చుట్టుపక్కల పల్లెబడుల కోసం పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడదీసి, ఒక నిచ్చెనలా వరుస పేర్చారు. పిల్లవాడు తన వేగాన మెట్టు తరువాత మెట్టు ఎక్కుతాడు. ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. నిచ్చెన చూడగల తల్లికి బిడ్డ ఎక్కడున్నదీ తెలియడానికి ఏ-వన్లూ బీ-టూలూ అవసరం లేదు.

చట్టం కూడా దారి చూపకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు ఉండాలి. 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులను బడులకు పిలిచి సమావేశాలు జరిపారు. కుర్చీ వేశారు, సంతోషం. కానీ కుర్చీతోనే మాట రాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఇటువంటి గ్రామ విద్యాకమిటీలను పరిశీలించినప్పుడు, తాము సభ్యులమన్న సంగతే తెలియని సభ్యులు కొందరు కనబడ్డారు.

కనుక తల్లిదండ్రులు ఎంత తృప్తిగా ఉన్నారని అడిగేవారికి నా మనవి ఒక్కటే. అడగక ముందు దొరికే తృప్తిని లెక్కలో వేయకండి. అది బడికి పడే మార్కు కాదు. బిడ్డకు రానిదేమిటో తెలుసుకొన్న తరువాత కూడా ఆ బడిలోనే ఉంచిన తండ్రి తృప్తిని లెక్కపెట్టండి. అటువంటివారు ప్రస్తుతం తక్కువమందే ఉండవచ్చు. పెరగడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మీకు తెలిసిన తల్లినో తండ్రినో, మీ ఇంటికి పూలు తెచ్చే అమ్మనో, వాచ్‌మన్ అన్ననో, "బడి ఎలా ఉంది?" అని కాక "మీ బిడ్డకు ఈ నెలలో ఏం రాలేదు?" అని అడిగి చూడండి. వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే ఆ రెండు మాటలూ చెప్పి బడికి పంపండి. ఏం జరిగిందో నాకు తెలియజేస్తే సంతోషిస్తాను.