ఊరి బయటి పాట – 9: వాయించినాయనకు ఎంతిచ్చిన్రు?



డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా అక్క కొడుకు ఒక రాత్రి వాట్సాప్‌లో వీడియో పంపాడు. పబ్‌లో ఒక మూల నలుగురు కూర్చుని ఫిడేలు, పిల్లనగ్రోవి వాయిస్తున్నారు. ఒకాయన ఒళ్లో మేకతోలు బిగించిన గుండ్రటి వాద్యం ఉంది. దాన్ని బౌరాన్ అంటారట. ఇంతలో అరవై దాటిన ఒక పెద్దమనిషి లేచి, నేలమీద వేసిన చెక్క మీద ఆడటం మొదలుపెట్టాడు. చేతులు వాటంతట అవే ఊగుతున్నాయి, బూటు మడమలు దరువేస్తున్నాయి. కింద వాడు రాసింది ఒకటే ముక్క: "మామా, తాత యాదికొచ్చిండు."

మా నాయిన దప్పు కొట్టేవాడు. ఎందుకు మానేశాడో చివర్లో చెప్తాను.

ఐర్లండ్ ఆట అంటే నాకు అప్పటిదాకా రివర్‌డాన్స్ ఒక్కటే తెలుసు. 1994లో డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీ విరామంలో ఏడు నిమిషాలు ఆడితే ప్రపంచమంతా పాకిపోయింది. వరసగా నిలబడి, చేతులు పక్కలకు అంటించి, కాళ్లతోనే ఆడతారు. మరి ఈ పెద్దాయన చేతులు ఎందుకు ఊగుతున్నాయి? ఆ ప్రశ్న పట్టుకుని రెండు నెలలు చదివాను, విన్నాను.

ఆయన ఆడింది షాన్-నోస్, అంటే పాత పద్ధతి. పడమటి తీరంలో కానమారా అనే రాళ్ల నేలలో, ఐరిష్ భాష మాట్లాడే పేద రైతుల ఇళ్లలో బతికిన ఆట. తలుపు ఊడదీసి నేలమీద పరిచి దానిమీద ఆడేవాళ్లు. 1893లో గేలిక్ లీగ్ పుట్టింది. ఇంగ్లిష్ పాలనలో చితికిపోయిన భాషను నిలబెట్టాలన్నది దాని పని, మంచి పనే. కానీ జాతికొక ఆట కావాలనుకున్నప్పుడు దక్షిణాన మన్‌స్టర్ డాన్స్ మాస్టర్ల పద్ధతికి పెద్దపీట వేశారు. పోటీలు, మార్కులు, నియమాలు వచ్చాయి. కానమారా ఆట చాలాకాలం పక్కన పడిపోయింది. 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం తెచ్చి బహిరంగ డాన్సులకు లైసెన్సు పెట్టారు. ఆ పేరు చెప్పి పాదిరీలు, పోలీసులు ఇళ్లలో ఆడుకునే ఆటల మీద కూడా పడ్డారు. పరాయి పాలన పోయాక సొంత సర్కారు చేసిన పని ఇది.

నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం జానీ డోరన్. ఇల్లిన్ పైప్స్ వాయించేవాడు. నోటితో ఊదరు. కొలిమి తిత్తిలాంటి దాన్ని మోచేతి కింద పెట్టుకుని నొక్కుతారు. డోరన్ ఐరిష్ ట్రావెలర్. బండ్లలో ఊరూరా తిరిగే సంచార జనం వాళ్లు. రేకు సామాన్లు బాగుచేసే పనిని బట్టి వాళ్లను టింకర్లు అన్నారు. పని పేరే తిట్టయింది. పేర్లు తిట్లెలా అవుతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. డోరన్ సంతల్లో, ఆటల పోటీల దగ్గర వాయించి డబ్బులు అడుక్కునేవాడు. 1947లో ఐరిష్ జానపద కమిషన్ ఆయన వాయిద్యాన్ని రికార్డు చేసింది. మరుసటి ఏడాది డబ్లిన్‌లో ఆయన బండి మీద గోడ కూలింది. నడుము పడిపోయింది. 1950లో చనిపోయాడు. ఆయన్ను విని పైప్స్ పట్టిన విల్లీ క్లాన్సీ పేరుమీద 1973 నుంచి మిల్‌టౌన్ మాల్బేలో ఏటా సంగీత పాఠశాల జరుగుతోంది.

2017 మార్చి 1న ఐర్లండ్ ప్రభుత్వం ట్రావెలర్లను ప్రత్యేక జాతి సమూహంగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబరులో ఇల్లిన్ పైప్స్ యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఆ సంగీతాన్ని మోసిన మనుషులకు వాళ్లున్న దేశంలోనే గుర్తింపు రావడానికి అంతకాలం పట్టింది.

ఇది మన కులం లాంటిదేనని నేను రాయను. అక్కడ మనుస్మృతి లేదు. తోలు ముట్టినందుకు మైల లేదు. డోరన్‌ను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టి విన్న రైతులున్నారు. తేడా చెప్పకుండా పోలిక పెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. కానీ పాట కావాలి, పాడే జనం మాత్రం ఊరి అవతల ఉండాలి అనే బుద్ధిని మాత్రం గుర్తుపట్టాను.

ఇక నాయిన సంగతి. మా ఊళ్లో చావుకు, జాతరకు, దొరల ఇంటి పెళ్లికి ఆయన దప్పు ఉండాల్సిందే. ఇచ్చేది కాసిన్ని గింజలు, వాకిలి బయట ఒక పూట కూడు. డిగ్రీలో చేరిన ఏడాది నేనే అన్నాను: "నాయినా, అది మన మెడకు కట్టిన కులం. దించెయ్." మారు మాట్లాడకుండా దూలానికి తగిలించాడు. రివర్‌డాన్స్ ఆడిన ఆ 1994లోనే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైందని, అదే దప్పు భుజాన వేసుకుని మాదిగలు తమ వాటా అడిగారని నాకు తెలుసు. తెలిసీ, నాయిన దప్పును మాత్రం వెట్టిగానే చూశాను.

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు ఆ వీడియో చూపించాను. "తోలు మంటకు కాపుతరా?" అన్నాడు. లేదు నాయినా, బిగిస్తే నీళ్లతో తడిపి వదులు చేస్తారన్నాను. నవ్వాడు. తర్వాత డోరన్ రికార్డు పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు, రెండు వేళ్లు మంచం పట్టె మీద ఆడాయి. అయిపోయాక మెచ్చుకోలేదు. "గీ వాయించినాయనకు ఎంతిచ్చిన్రు?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. వెట్టి వద్దని నాయినకు చెప్పిన నేను, ఆయన కూలి ఎంత ఉండాలని ఏనాడూ ఊళ్లో అడగలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీ ఫెస్టుకు దప్పు బృందాన్ని పిలుస్తారు కదా. స్టేజీ మీద ఫొటో దిగేముందు రెండు సంగతులు కనుక్కోండి. వాళ్లకు ఎంతిస్తున్నారు? భోజనం ఎక్కడ పెడుతున్నారు? జవాబు ఏదైనా కింద రాయండి.

దప్పు ఇంకా దూలానికే ఉంది. ఈసారి దించమంటారో వద్దంటారో నాయిననే అడుగుతాను.