ఏటిగట్టు మీది జపాను

జపాను దేశపు చేతిపనులను, ఆలయములను, కాలిబాటలను ఏకాకిగా తిరిగి చూడగోరువారు క్యోటోకో నారాకో పోవుట లోకమెల్ల నెరిగిన మార్గము. కాని పసిఫిక్ సముద్రమున కీవలి యొడ్డున, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున, ఫ్రేజర్ నది సాగరమున కలియు చోట స్టీవ్‌స్టన్ అను చేపల రేవొకటి కలదనియు, అచ్చటి ఏటిగట్టు వెంబడి ఒక పూట ఒంటరిగా నడచినవానికి క్యోటో ఉద్యానములలో దొరకని జపాను ఒకటి దొరకుననియు చెప్పినచో, వాంకూవరులో ఏండ్ల తరబడి కాపురమున్న మన తెలుగువారే నవ్వుదురు. వారి లెక్కలో అది ఆదివారము వేయించిన చేపలు తిని, పడవల ముందు ఫొటోలు దిగి, కారు నిలుపుటకు చోటు దొరకలేదని విసుగుకొని వచ్చెడి ఊరు.

ఒంటరిగా ననుట యేల యనగా, నలుగురితో బయలుదేరినచో మాటలు నడచును గాని మనము నడవము. పైగా ఇచ్చట చూడదగినదానిలో ఉన్నదానికంటె లేనిది హెచ్చు. లేనిదానిని చూచుటకు తీరిక కావలెను, ప్రక్కన తొందరపెట్టువాడు లేకుండవలెను. గోదావరి గట్లమీద తిరిగిన కాళ్ళకు ఈ గట్టు కొత్త కాదు. ఒక వంక ఊరు, ఒక వంక నీరు. పోటు వేళ రెల్లుదుబ్బులు నడుములోతున మునుగును, పాటు వేళ బురదనేల బయటపడును. శరత్తున రష్యా ఉత్తరపు కొసనున్న రాంగెల్ ద్వీపమునుండి తెల్లని మంచుబాతులు వేలకొలది దిగి, ఆ బురద నంతయు ముక్కులతో దున్నివేయును.

గట్టు పడమటి కొసన గ్యారీ పాయింట్ అను ఉపవనము, అందు గిహే కూనో అనువాని పేర ఒక చిన్న జపాను తోటయు నున్నవి. వకయామా మండలములోని మియో అను పల్లెనుండి ఆయన 1888లో ఇచ్చటికి వచ్చి, ఈ నదిలోని సాల్మన్ చేపల సమృద్ధిని కన్నులార చూచి, తనవారిని పిలిపించెను. ఒక్కని మాట మీద పల్లెకు పల్లె కదలివచ్చినది. మన తూర్పుతీరపు కూలిజనము ఒకరివెంట ఒకరు రంగూనుకు ఓడ యెక్కిన తీరును ఎరిగినవారి కిది వింతగా తోపదు. ఇచ్చటి సంపాదన అచ్చటి యిండ్లకు చేరుటచే మియో పల్లెకు జపానులోనే ‘అమెరికా ఊరు’ అను పేరు స్థిరపడినది.

తూర్పుగా నడచినచో బ్రిటానియా పడవల కార్ఖానా వచ్చును. 1889లో చేపలను డబ్బాల కెక్కించు కర్మాగారముగా వెలసిన ఈ కట్టడము పిమ్మట పడవలు కట్టు చోటుగా మారి, నేడు జాతీయ చారిత్రక స్థలమై యున్నది. దానికి చేరువనే, 1942 వరకు మురకామి కుటుంబము కాపురమున్న ఇల్లును, వారు పడవలు కట్టిన కొట్టమును కలవు. నేను అన్నిటికంటె ఎక్కువసేపు నిలిచినది ఆ కొట్టములో. ఓకు కొయ్య బద్దలను ఆవిరిపెట్టెలో ఉడికించి, వేడి తగ్గకమునుపే వంచి పక్కటెముకలుగా దిగవేసి, వానిపై దేవదారు పలకలు పరచి, సందులలో నూలుపోగులు దట్టించుట ఇచ్చటి పడవపని. మన తాళ్ళరేవు వడ్రంగి ఎవ్వడైన ఇచ్చట నిలిచినచో ఇదంతయు తనకు తెలిసిన విద్యయే యని తలయూచును గాని, జపాను ఱంపమును చేతికిచ్చినచో ఒక్క నిమిషము తికమకపడును. నేడు మనకు వాడుకైన ఱంపము త్రోసినపుడు కోయును. జపానుది తన వంకకు లాగినపుడు కోయును. లాగునపుడు రేకు బిగిసియుండునే గాని మడతపడదు కనుక దానిని మిక్కిలి పలుచగా చేయవచ్చును. పలుచనిది కావున కోత సన్నగా పడును, కొయ్య వృథాపోదు. బలముకంటె పొదుపునకు పెద్దపీట వేసిన పనిముట్టది.

ఇంత పనితనమును ఏమి చేసిరో వినుడు. 1941 డిసెంబరులో జపాను యుద్ధమునకు దిగగానే ప్రభుత్వము జపానీయుల చేపపడవలను, సుమారు 1,200, పట్టుకొని ఫ్రేజర్ నదిలో ఎగువన వరుసగా కట్టివేసినది. మరుసటి యేడు తీరమునుండి నూరు మైళ్ళ మేర జపానీయు డెవ్వడు నుండరాదని శాసించి, రమారమి 22,000 మందిని, అందు అత్యధికులు కెనడా పౌరులే యైనను, లోనాడులకు తరలించినది; తరలించుటకు ముందు వారిలో అనేకులను వాంకూవరులోని హేస్టింగ్స్ పార్కు పశువుల కొట్టములలో నుంచినది. 1943 మొదలు వారి యిండ్లను, పొలములను వారి సమ్మతి లేకయే అమ్మివేసినది. యుద్ధము ముగిసినను తీరమునకు తిరిగి రానిచ్చినది 1949 ఏప్రిల్ 1న. వచ్చినవారికి ఇల్లు లేదు, పడవ లేదు. చేతిలోని విద్య మాత్రమే మిగిలినది.

అట్లు తిరిగివచ్చినవారి కొలువే స్టీవ్‌స్టన్ బౌద్ధాలయము. ఇది జోడో షిన్‌షూ అను బౌద్ధశాఖవారిది; ఈ ఖండమందలి ఆ శాఖవారి ఆలయములలో చాపలకు మారు చర్చిలోవలె బెంచీలుండును. కొత్త దేశమున అనుమానింపబడకుండ బ్రతుకనేర్చిన జాతి జాడ లివి యని నా యూహ. ఆ శాఖవారు నిత్యము పఠించు స్తోత్రమున ఏడుగురు ఆచార్యులను కీర్తింతురు. అందు మొదటివాడు నాగార్జునుడు! మన కృష్ణాతీరపు నాగార్జునకొండతో ఐతిహ్యము ముడివేసిన ఆ మహనీయుని నామము ఫ్రేజర్ తీరమున, జపాను ఉచ్చారణలో, కెనడా పిల్లల నోట పలుకుచున్నది. మన పిల్లలలో ఆయనను అణకట్ట పేరుగా గాక ఎరిగినవా రెందరు?

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములోని నిటోబె ఉద్యానమును గూర్చి చెప్పలేదని అలుగకుడు. 1933లో విక్టోరియా నగరమున కన్నుమూసిన జపాను పండితుడు నిటోబె ఇనాజో స్మృతికై కన్నోసుకె మోరి రూపకల్పన చేయగా 1960లో తెరచిన ఆ తోట నిస్సందేహముగా సుందరము. అయినను అది రాయబారుల జపాను. గౌరవముగా ఆహ్వానింపబడి వచ్చినది. స్టీవ్‌స్టన్ కొట్టము రెక్కల కష్టము నమ్ముకొని వచ్చి, వెళ్ళగొట్టబడి, మరల వచ్చిన జపాను. రెండింటిలో ఒక్కటే చూచుటకు వీలున్న పక్షమున నేను కొట్టమునే ఎన్నుకొందును.

కెనడా ప్రభుత్వము 1988 సెప్టెంబరు 22న పార్లమెంటులో క్షమాపణ చెప్పి, బ్రతికియున్న బాధితు లొక్కొక్కరికి 21,000 డాలర్ల వంతున పరిహారము ప్రకటించినది. కూనో రాకకు నూరేండ్లు నిండిన సంవత్సరమును అదియే. కొత్త దేశమున ఇల్లు కొనుక్కొని, పౌరసత్వపు పత్రము చేతబట్టుకొని నిశ్చింతగా నున్న తెలుగు సోదరులారా, ఈ వేసవిని ఒకనాడు కారును దూరముగా నిలిపి, గట్టు మీదుగా నడచి ఆ మురకామి వారి యింటికి పోయి రండు. పెద్ద పిల్లలున్నచో వారిని మరియొకనాడు విడిగా పంపుడు.